డీఓ 8.6 ఉన్నా పైకి తేలిన చేపలు: ఒక ప్లాంటెడ్ ట్యాంక్ కేసు

భీమవరంలో ఒక రొయ్యల రైతు ఇంటి హాల్లో ఉన్న ప్లాంటెడ్ ట్యాంక్ ఇది, అంటే బతికున్న నీటి మొక్కలతో పెంచే అక్వేరియం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. మట్టి, రాళ్లు, దుంగలు పోను నీళ్లు సుమారు 200 లీటర్లు. పెట్టింది ఆయన కొడుకు, ఇంజినీరింగ్ కుర్రాడు. మొక్కలు బాగా పెరగాలని పగలు సిలిండర్ నుంచి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) నీళ్లలోకి వదులుతాడు. ముందు భాగమంతా మాంటే కార్లో తివాచీ, వెనక రోటాలా, హైగ్రోఫిలా, దుంగల మీద అనూబియాస్, జావా ఫెర్న్. చేపల్లో రమ్మీనోజ్ టెట్రాల గుంపు, కొన్ని కార్డినల్స్, ఒక జత హనీ గౌరామీ. రొయ్యల్లో అమానోలు, చెర్రీలు. ఎకరాల్లో రొయ్యలు పెంచే ఇంట్లో, తినడానికీ అమ్మడానికీ పనికిరాని రొయ్యల్ని అద్దాల పెట్టెలో పెట్టుకుని చూడటం ఏమిటని ఇంటి పెద్దాయనకి మొదట్నుంచీ నవ్వే.

నన్ను పిలిచింది కుర్రాడు. రోజూ సాయంత్రం అయిదు దాటాక రమ్మీనోజ్‌లు ఒక్కొక్కటీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఏడింటికి దాదాపు గుంపంతా పైనే. అమానోలు ఫిల్టర్ గొట్టం పట్టుకుని నీటి అంచుదాకా ఎక్కేస్తున్నాయి. రాత్రి తొమ్మిదికల్లా అందరూ కిందికి దిగిపోతారు, పొద్దున చూస్తే ఏమీ జరగనట్టే ఉంటారు. ఒక రాత్రి మాత్రం చెర్రీ రొయ్యలు కొన్ని చచ్చిపోయాయి. దాని సంగతి తర్వాత చెబుతాను, దాని వెనక ఇంకో కారణం కూడా ఉంది.

నేను వెళ్లేసరికే పెద్దాయన రోగం తేల్చేసి ఉన్నారు: డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తగ్గిందని. “చేప పైకి తేలిందంటే డీఓ లేనట్టేనండి. ముప్పయ్యేళ్లుగా చూస్తున్నా. ఏరేటర్ వేస్తే దిగిపోద్ది. వీడేమో పగలు ఎయిర్ పంపు వెయ్యనివ్వడు.”

కుర్రాడి బాధ ఇంకొకటి. మొదట్లో పగలూ రాత్రీ ఎయిర్ పంపు నడిపాడట. అప్పుడు చేపలు హాయిగానే ఉన్నాయి, మొక్కలే పాడయ్యాయి. ఆకుల మీద ఆక్సిజన్ బుడగలు రావడం ఆగిపోయింది, సీఓ2 ఎంతుందో రంగుతో చెప్పే డ్రాప్ చెకర్ ఎప్పుడూ నీలంగానే ఉంది (అంటే తక్కువ), అనూబియాస్ ఆకుల అంచుల్లో నల్ల నాచు పట్టింది. గాలి కొడితే సీఓ2 అంతా ఎగిరిపోతుందని ఎక్కడో చదివి, పగలు పంపు ఆపేశాడు. అంతటితో ఆగలేదు. నీటి పైభాగం కదలకూడదని క్యానిస్టర్ ఫిల్టర్ నుంచి నీళ్లు వచ్చే లిల్లీ పైప్‌ని లోతుగా ముంచి మూతి కిందికి తిప్పాడు. ట్యాంక్ మీద అద్దపు మూత పూర్తిగా కప్పాడు. మొక్కలు పుంజుకున్నాయి, చేపలు తేలడం మొదలైంది. “ఒకసారి మొక్కలు బాగుంటే చేపలు బాగుండవు, చేపలు బాగుంటే మొక్కలు బాగుండవు. రెండూ ఒకేసారి కుదరదా అన్నా?” అన్నాడు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. గాలి కొడితే సీఓ2 పోతుంది, అది నిజమే. ఎయిర్ పంపు వేయగానే చేపలు కోలుకుంటున్నాయి, అదీ నిజమే. కానీ కోలుకోవడానికి కారణం ఆక్సిజనేనా అన్నది కొలిచి చూడాలి. అదృష్టం కొద్దీ ఆ ఇంట్లో మంచి డీఓ మీటర్ ఉంది. ప్లాంటెడ్ ట్యాంకులు పెట్టుకునేవాళ్లలో నూటికి తొంభై మంది దగ్గర అది ఉండదు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా

మీటర్‌తో కొలిచే ముందు ఒక పని చేయాలి. చెరువు నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి మీటర్లో సెలినిటీ దానికి తగ్గట్టు సెట్ చేసి ఉంటుంది. మంచినీళ్లలో అలాగే వాడితే డీఓ అసలుకంటే తక్కువ చూపిస్తుంది. దాన్ని సున్నాకి మార్చి, గాలిలో క్యాలిబ్రేట్ చేశాం. పీహెచ్ పెన్‌ని 4, 7 బఫర్లలో సరిచూశాం. ట్యాంక్ నీళ్లు ఒక గ్లాసులో ముందురోజే పట్టి మూత లేకుండా వదిలేయించాను. మర్నాటికి ఆ గ్లాసులో పీహెచ్ 8.0. గదిలోని గాలితో సమానమయ్యాక ఈ నీళ్లు ఉండే స్థాయి అది. కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 5. మట్టి పాతబడిపోయింది కాబట్టి అది కేహెచ్‌ని పీల్చుకోవడం లేదు. కొత్త ఆక్వా సాయిల్ ఉన్న ట్యాంక్‌లో, దుంగల నుంచి రంగు బాగా దిగుతున్న ట్యాంక్‌లో, పీహెచ్, కేహెచ్‌ల నుంచి సీఓ2 ఎంతో చెప్పే లెక్క ఇంత సాఫీగా కుదరదు.

ఆ లెక్క ఇది. కేహెచ్ 5 ఉన్న నీళ్లలో పీహెచ్ 7.0 ఉంటే సీఓ2 సుమారు 15 పీపీఎం (లీటరుకి 15 మిల్లీగ్రాములు). అక్కడి నుంచి పీహెచ్ 0.3 తగ్గిన ప్రతిసారీ సీఓ2 రెట్టింపవుతుంది. 6.7 అంటే 30, 6.4 అంటే 60. పీహెచ్ పూర్తిగా ఒకటి తగ్గితే పదిరెట్లు. పెన్‌లో 0.2 తేడా చిన్నదిగా కనిపిస్తుంది, చేపకి మాత్రం సీఓ2 సగానికి పైగా పెరిగినట్టు.

ఇంట్లో టైమింగులు ఇలా ఉన్నాయి: సీఓ2 పొద్దున పదింటికి మొదలు, లైటు పన్నెండింటికి, సీఓ2 బంద్ రాత్రి ఏడింటికి, లైటు బంద్ ఎనిమిదింటికి, అప్పట్నుంచి పొద్దుటి దాకా ఎయిర్ పంపు. చూడ్డానికి తప్పేమీ లేని టైమింగులే.

తెల్లవారుజామున డీఓ 6.6 పీపీఎం. నీళ్లు 29 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గాలి నుంచి నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ 7.7 దాకా ఉంటుంది కాబట్టి 6.6కి భయపడాల్సిన పని లేదు. పెద్దాయన ఈ అంకె కోసమే అయిదింటికి లేచి కూర్చున్నారు. చెరువులో ప్రమాద ఘడియ అదే కదా. ప్లాంక్టన్ రాత్రంతా ఆక్సిజన్ తాగేసి, సూర్యుడు పొడిచే ముందు డీఓని అడుగంటిస్తుంది. ఇక్కడ ఆ ఘడియలో చేపలు నిద్రమత్తులో కింద తిరుగుతున్నాయి.

సీఓ2 వేయకముందు పీహెచ్ 7.4, అంటే 6 పీపీఎం. లైటు వెలిగే వేళకి 6.8, అంటే 24 దాకా. మధ్యాహ్నం మూడింటికి 6.5, అంటే 47. అప్పటికి డ్రాప్ చెకర్ చక్కటి ఆకుపచ్చలో ఉంది. కుర్రాడు రోజూ దాన్నే చూసి ధైర్యపడుతున్నాడు. డ్రాప్ చెకర్‌లోకి గ్యాస్ గాలి పొర దాటి వెళ్లాలి, అందుకే అది గంటా రెండు గంటల వెనకటి కబురు చెబుతుంది. రాత్రి ఏడింటికి పీహెచ్ 6.3. అంటే 75 పీపీఎం. మనం మొక్కల కోసం పెట్టుకునే లక్ష్యం 30 దగ్గర.

ఇక ఆ వేళ డీఓ ఎంత? మీటర్ నా చేతిలోంచి పెద్దాయన తీసుకుని రెండోసారి ముంచి చూశారు. 8.6. నీళ్లు 30 డిగ్రీలు. ఆ వేడిలో గాలితో సమానమైన నీళ్లలో ఉండేది 7.5కి కాస్త పైన. మొక్కలు రోజంతా పనిచేసి దాన్ని దాటించేశాయి. ఆక్సిజన్ పొంగిపొర్లుతున్న నీళ్లలో చేపలు ఊపిరి కోసం పైకి తేలుతున్నాయి.

పీహెచ్ సంగతి ఆయన అప్పటికే గమనించి ఉన్నారు. “చెరువులో పొద్దున తక్కువుండి సాయంత్రానికి పెరుగుద్ది కదండీ. ఇక్కడేంటి తల్లకిందులుగా ఉంది?” అన్నారు. సరైన ప్రశ్న. చెరువులో ఎండ పడ్డకొద్దీ ప్లాంక్టన్ సీఓ2 తినేస్తుంది కాబట్టి పీహెచ్ ఎక్కుతుంది. ఇక్కడ మొక్కలు తినేదానికంటే ఎన్నో రెట్లు సిలిండర్ పోస్తోంది కాబట్టి దిగుతుంది. చెరువు నేర్పే లెక్కలన్నీ ఈ ట్యాంక్‌కి సరిపోవని ఆయనకు ఆయనే పట్టుకున్న ఆధారం అది.

ఏడింటికి సీఓ2 ఆగగానే, ఎనిమిది దాకా ఆగకుండా, ఎయిర్ పంపు వేయించాను. మీటర్ నీళ్లలోనే ఉంచాం. గంట తిరిగేసరికి పీహెచ్ 6.7కి ఎక్కింది. సీఓ2 75 నుంచి 30కి పడిందన్నమాట. రమ్మీనోజ్‌లు మధ్య నీళ్లలోకి దిగాయి, ముక్కుల ఎరుపు మళ్లీ వచ్చింది. ఈ చేపలో నాకు నచ్చేది అదే, ఒత్తిడి పడితే ముక్కు వెలిసిపోయి చెప్పేస్తుంది. డీఓ మాత్రం 8.6 నుంచి 7.8కి తగ్గింది.

“డీఓ తగ్గితే చేపలు బాగుపడటమేంటండి బాబూ!” అన్నారాయన. ఈ కేసులో తేల్చాల్సిందంతా ఆ ఒక్క గంటలో తేలిపోయింది. గాలి కొట్టడమంటే ఆక్సిజన్ నింపడం ఒక్కటే కాదు. నీళ్లలో గాలికంటే ఎక్కువున్న ప్రతి వాయువునీ బయటికి పంపి, తక్కువున్నదాన్ని లోపలికి తెస్తుంది. ఆ వేళ ఆక్సిజన్ కూడా ఎక్కువే ఉంది కాబట్టి అదీ బయటికే పోయింది. సీఓ2 పోవడం వల్లే చేపలు బతికాయి. ఏరేటర్‌తో జబ్బు తగ్గింది కాబట్టి అది ఆక్సిజన్ జబ్బే అనుకోవడం ఇక్కడ కుదరదు.

చేపకి ఏమవుతుంది

చేప తన ఒంట్లో పుట్టిన సీఓ2ని మొప్పల నుంచి నీళ్లలోకి వదిలేస్తుంది. రక్తంలో ఎక్కువ, నీళ్లలో తక్కువ ఉన్నంతసేపే ఇది సాఫీగా జరుగుతుంది. నీళ్లలోనే 70, 80 పీపీఎం ఉంటే బయటికి పోవడం మందగిస్తుంది, రక్తంలో పేరుకుని ఆమ్లత్వం పెరుగుతుంది. ఆమ్లత్వం పెరిగిన రక్తంలో హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ మీద పట్టు సడలుతుంది. దీన్ని బోర్ ప్రభావం అంటారు. చాలా చేపల్లో దీనికితోడు రూట్ ప్రభావం కూడా ఉంటుంది, రక్తం మోయగల మొత్తం ఆక్సిజనే తగ్గిపోతుంది. అందుకే చుట్టూ ఎంత ఆక్సిజన్ ఉన్నా మొప్పల దగ్గర దొరకబుచ్చుకోలేక ఉక్కిరిబిక్కిరవుతుంది. చూసేవాళ్లకి ఆక్సిజన్ తగ్గిన చేపా సీఓ2 ఎక్కువైన చేపా ఒక్కలాగే కనిపిస్తాయి. వేళని బట్టే పసిగట్టాలి: తెల్లవారుజామున తేలితే ఆక్సిజన్‌ని అనుమానించండి, సాయంత్రం తేలితే సీఓ2ని.

గౌరామీలని మాత్రం సాక్ష్యానికి పిలవకండి. వాటికి గాలి పీల్చుకునే అవయవం వేరే ఉంది, ట్యాంక్ ఎంత బాగున్నా పైకి వచ్చి ఒక గుక్క తీసుకుని పోతుంటాయి. కోరిడోరాస్ కూడా అంతే.

అసలు లోపం ఎక్కడ

బబుల్ రేటు, అంటే సీఓ2 బుడగలు వదిలే వేగం, తగ్గిస్తే సరిపోదా అని కుర్రాడు అడిగాడు. తగ్గించి చూశాడు కూడా. సాయంత్రం చేపలు తేలలేదు, కానీ లైటు వెలిగేటప్పటికి సీఓ2 12 దగ్గరే ఉంది. మొక్కలకి బాగా కావలసింది లైటు వెలిగిన తొలి గంటల్లో. ఆ వేళ తక్కువ, ఎవరికీ అక్కర్లేని సాయంత్రం ఎక్కువ. రేటు ఎటు తిప్పినా ఈ ఏటవాలు పోదు, ఎత్తు మారుతుందంతే.

పెద్దాయనకి చెరువు తూము గుర్తు చేశాను. పైనుంచి బోరు పోస్తోంది, కింద తూము కొద్దిగానే తెరిచి ఉంది. చెరువు మట్టం రోజంతా పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. బోరు తగ్గిస్తే నెమ్మదిగా పెరుగుతుంది, అయినా పెరుగుతుంది. తూము బాగా ఎత్తి, బోరు కూడా అంతకు తగ్గట్టు పెంచితే మట్టం తొందరగా ఒకచోటికి చేరి అక్కడే నిలుస్తుంది. నీటి ఉపరితలం సీఓ2కి తూము. కుర్రాడు గ్యాస్ మిగలాలని ఆ తూముని మూడు చోట్ల బిగించేశాడు: కదలని నీళ్లు, వాటి మీద తెట్టు, దాని మీద అద్దపు మూత.

దీన్ని లెక్కగా చెప్పాలంటే, ఉపరితలం నుంచి సీఓ2 పోయే వేగం నీళ్లలో ఉన్నదానికీ గాలితో సమానమైన స్థాయికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. బయటి గాలితో పూర్తిగా సమానమైతే నీళ్లలో సీఓ2 ఒక పీపీఎం కూడా ఉండదు, తలుపులు వేసిన గదిలో కాస్త ఎక్కువ. కాబట్టి 30 పీపీఎం దగ్గర తేడా 29 దాకా ఉంటుంది. పైభాగం ఎంత కదిలితే ఆ తేడాకి అంత వేగం. పోసే వేగం, పోయే వేగం సమానమైన చోట సీఓ2 ఆగుతుంది. పోయే దారి వెడల్పుగా ఉంటే ఆ చోటికి గంటా రెండు గంటల్లో చేరతాం. ఇరుకైతే లైటు ఆరే వేళకి కూడా చేరం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఇరుకు దారిలో, గ్యాస్ వేగాన్ని సర్దే నీడిల్ వాల్వ్ వెంట్రుకవాసి జరిగినా సాయంత్రం పీహెచ్ చాలా మారిపోతుంది. వెడల్పు దారిలో అంతగా మారదు.

సీఓ2, గాలి రెండూ ఒకదానికొకటి శత్రువులన్న మాట ఇక్కడే కూలిపోతుంది. నీళ్లలో ఒక వాయువు ఉన్నంత మాత్రాన ఇంకోదానికి చోటు తగ్గదు. 30 పీపీఎం సీఓ2, 8 పీపీఎం ఆక్సిజన్ ఒకే నీళ్లలో ఇబ్బంది లేకుండా ఉంటాయి. గాలి కొట్టడం వల్ల పోయేది గ్యాస్ డబ్బులు మాత్రమే.

మార్చినవి

మొదట తెట్టు. ప్రోటీన్, కుళ్లిన ఆకుల జిడ్డు కలిసి పైన పల్చటి నూనె పొరలా పరుచుకుని ఉంది. వేలితో తాకితే చీలి మళ్లీ కలుసుకుంటోంది. తెట్టుని లాగేసే చిన్న సర్ఫేస్ స్కిమ్మర్ పెట్టించాను. తెట్టు ఉన్న ట్యాంక్‌లో ఇంకే సర్దుబాటు చేసినా దండగే, ఎందుకంటే తెట్టు రోజుకో మందంలో ఉంటుంది, వాయువులు పోయే వేగమూ రోజుకో రకంగా మారుతుంది.

తర్వాత లిల్లీ పైప్ పైకి లేపి, మూతి కాస్త పైకి తిప్పాం. నీళ్లు చిందకూడదు, బుడగలు రాకూడదు. పైభాగం మొత్తం అలలు అలలుగా మెరుస్తూ ఉండాలి, ఎక్కడా అద్దంలా నిలవకూడదు. అద్దపు మూత తీసేసి జాలీ మూత పెట్టాం. మూత కింద బరువైన సీఓ2 నిలిచిపోతే ఉపరితలం ఎంత కదిలినా లాభం తగ్గుతుంది. అయితే అమానోలు దూకుతాయి, జాలీ తప్పదు.

పగటిపూట ఎయిర్ స్టోన్ పెట్టలేదు. దానికి సిద్ధాంతమేమీ లేదు. ఎయిర్ స్టోన్ కూడా చాలావరకు పనిచేసేది బుడగలు పైకొచ్చి ఉపరితలాన్ని కదిలించడం వల్లే. ఆ పని ఫిల్టర్ నీళ్లు చేస్తుంటే ఇంకో పంపు చప్పుడు ఎందుకు? ఫిల్టర్‌లో అంత తోపు లేని ట్యాంకుల్లో నేను పగలు కూడా చిన్న ఎయిర్ స్టోన్ పెడతాను, సీఓ2తో పాటే. పగటిపూట అది కనిపిస్తే చాలామంది హాబీయిస్టులకి ఒళ్లు జలదరిస్తుంది.

ఈ మార్పులు చేసి గ్యాస్ ముట్టుకోకుండా ఒకరోజు వదిలేశాం. ఊహించినట్టే పీహెచ్ 7.1 దాటి దిగలేదు. అంటే 12 పీపీఎం. కుర్రాడు మొదట్లో ఎయిర్ పంపు పగలంతా నడిపినప్పుడు ఇక్కడే ఆగిపోయాడు, ఇక్కడే గాలిని తిట్టుకున్నాడు. ఇప్పుడు బబుల్ రేటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాం. ఒక పెంపు, తర్వాత రోజంతా చూడటం, ఇంట్లో మనిషి ఉన్నప్పుడే ఇంకో పెంపు. బుడగలు చూపించే కౌంటర్‌లో అవి లెక్కపెట్టలేనంత వేగం వచ్చేసరికి కుర్రాడికి గుబులు పుట్టింది. కౌంటర్‌ని చూడొద్దు, పీహెచ్‌ని, చేపల్ని చూడమన్నాను. ఒక ట్యాంక్ బుడగల లెక్క ఇంకో ట్యాంక్‌కి పనికిరాదు.

చివరికి కుదిరింది ఇలా: లైటు వెలిగే పన్నెండింటికి 6.75, రెండింటికి 6.7, అయిదింటికి 6.7, ఏడింటికి 6.7. రోజంతా 30 దగ్గర గీత గీసినట్టు. రమ్మీనోజ్‌లు రోజు పొడుగునా మధ్య నీళ్లలోనే. రోటాలా మీద బుడగలు లైటు వెలిగిన గంటకే మొదలవుతున్నాయి, ముందు మధ్యాహ్నం దాకా వచ్చేవి కావు. అనూబియాస్ మీద నల్ల నాచు కొత్తగా పెరగడం ఆగింది. ఉన్నది తనంతట తాను పోలేదు, పట్టిన ఆకులు కత్తిరించాల్సి వచ్చింది. ఈ నాచు సీఓ2 హెచ్చుతగ్గుల దగ్గర రేగుతుందని నా అనుభవం.

సాయంత్రం డీఓ ఇప్పుడు 8.0 దగ్గర. మునుపటి 8.6 రావడం లేదు, ఎందుకంటే ఎక్కువైన ఆక్సిజన్ కూడా అదే దారిలో పోతోంది. పెద్దాయనకి ఇది కాస్త వెలితిగా అనిపించినట్టుంది. చేపకి 8.0కీ 8.6కీ తేడా ఉండదు.

రాత్రి గాలి ఉంచాలా తీసేయాలా అన్నది కూడా చూశాం. పైభాగం ఇంత కదులుతుంటే ఎయిర్ పంపు దండగేమో అనిపించి ఒక రాత్రి ఆపించాను. తెల్లవారుజామున డీఓ 5.8. ప్రమాదం లేదు, కానీ ఈ వేడి ఊళ్లో, ఇన్ని మొక్కలు రాత్రంతా ఊపిరి తీసుకునే ట్యాంక్‌లో, ఆ కాస్త అదనం వదులుకోవడం నాకు ఇష్టం లేదు. పంపు మళ్లీ పెట్టాం. జపాన్‌లో ప్లాంటెడ్ ట్యాంకులకి పేరుపొందిన తకాషి అమానో 1982లో మొదలుపెట్టిన ఏడీఏ (ఆక్వా డిజైన్ అమానో) కంపెనీ పద్ధతిలో కూడా రాత్రి గాలి ఒక భాగమే. ఈ ట్యాంక్‌లో ఉన్న అమానో రొయ్యలకి పేరు వచ్చింది ఆయన వల్లే. పగలు సీఓ2, రాత్రి గాలి అన్న ఆ పద్ధతిని మనవాళ్లు పగలు గాలి అసలు తగలకూడదని అర్థం చేసుకున్నారు. పైగా 25 డిగ్రీల నీళ్లు 8.2 పీపీఎం ఆక్సిజన్ పట్టుకుంటాయి. మనకి ఏప్రిల్, మే నెలల్లో 31, 32 డిగ్రీలు మామూలు, అప్పుడు 7.3, 7.4 దగ్గరే గరిష్ఠం. చల్లటి నీళ్లకి సరిపోయిన సర్దుబాటు మన గదుల్లో గీత దాటిపోతుంది.

చెర్రీలు చచ్చిన రాత్రి

ఆరోజు మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయిందని ఇంట్లోవాళ్లకి గుర్తుంది. ఫిల్టర్ ఆగడం వల్లే రొయ్యలు పోయాయని అనుకున్నారు. కానీ రెండు గంటలు ఫిల్టర్ ఆగితే చెర్రీలు చావవు. కరెంటు పోతే సోలినాయిడ్ (గ్యాస్‌ని ఆపే కరెంటు వాల్వ్) కూడా మూసుకుంటుంది కాబట్టి ఆ సమయంలో సీఓ2 పెరగదు.

సీఓ2 ఉన్న ప్లగ్గు దగ్గర గుండ్రటి డయల్ తిరిగే పాత రకం టైమర్ ఉంది. లైటుకీ ఎయిర్ పంపుకీ డిజిటల్ టైమర్, లోపల బ్యాటరీతో. కరెంటు పోయినప్పుడు డిజిటల్‌ది నడుస్తూనే ఉంటుంది, డయల్ టైమర్ ఆగిపోతుంది. రెండు గంటలు ఆగింది కాబట్టి రెండు గంటలు వెనకబడింది. ఆ రోజు నుంచి సీఓ2 రాత్రి ఏడింటికి బదులు తొమ్మిదింటికి ఆగుతోంది. లైటు ఎనిమిదికే ఆరిపోతుంది, మొక్కలు తినడం మానేసి అవి కూడా సీఓ2 వదలడం మొదలుపెడతాయి. ఎనిమిదింటికి ఎయిర్ పంపు మొదలైంది కాబట్టే చేపలైనా దక్కాయి. నేను వెళ్లడానికి రెండు రోజుల ముందు కుర్రాడు ఫోన్ చూసి టైమర్ సరిచేశాడు, ఎందుకు తప్పిందో మాత్రం ఆలోచించలేదు. సీఓ2కి కూడా బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ వేయించాను. ఎయిర్ పంపుని ఇన్వర్టర్ లైనులోకి మార్పించాను, అది అయిదారు వాట్లకి మించి తీసుకోదు. కరెంటు పోయే ఊళ్లలో సీఓ2 నడిపేవాళ్లు ముందు చూసుకోవాల్సింది టైమర్లే, నీడిల్ వాల్వ్‌ల నాణ్యత తర్వాత.

ఖర్చు

అయిదు కిలోల సిలిండర్ ముందు అయిదు నెలలు దాటి వచ్చేది. ఇప్పుడు రెండున్నర నెలలకి అయిపోతోంది. ఇది దాచకుండా ముందే చెప్పాను. పైభాగాన్ని కదిలిస్తూ సీఓ2 నిలబెట్టడమంటే గ్యాస్‌ని గదిలోకి వదలడమే. పెద్దాయన దానికి నవ్వి, “చెరువుల మీద ఏరేటర్ల బిల్లు కట్టేవాణ్ణండి, ఇదొక లెక్కా” అన్నారు. అందరికీ అలా కుదరదు. అంత గ్యాస్ పోయడం ఇష్టం లేనివాళ్లు లైటు తగ్గించి, నెమ్మదిగా పెరిగే మొక్కలు పెట్టుకుని 15 పీపీఎం దగ్గర నిలబెట్టుకోవచ్చు. అది కూడా గీత గీసినట్టు నిలవాలి, అంతే. అసలు సీఓ2 వేయని ట్యాంకుల్లో అయితే పగలు గాలి కొట్టడానికి ఏ సంకోచమూ అక్కర్లేదు. మొక్కలు ఎక్కువున్న అలాంటి ట్యాంక్‌లో లైటు వెలిగిన కాసేపటికే సీఓ2 గాలితో సమానమైన స్థాయికంటే కిందికి పోతుంది, అప్పుడు గాలి కొడితే సీఓ2 లోపలికే వస్తుంది.

గ్యాస్ తొందరగా అయిపోతోంది కాబట్టి ఇంకో జాగ్రత్త. సిలిండర్ లోపల ద్రవం ఉన్నంతసేపూ దాని ఒత్తిడి చూపే మీటర్ ముల్లు దాదాపు కదలదు, కాబట్టి అది చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 31 డిగ్రీలు దాటిన గదిలో సీఓ2 ద్రవంగానే ఉండదు, ఎండాకాలం ఆ ముల్లు ఇంకా అయోమయం. కాటా మీద పెట్టి బరువు చూడటమే దారి. ద్రవం అయిపోయి ఒత్తిడి పడిపోయే చివరి రోజుల్లో సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లు ఒక్కోసారి ఎక్కువ వదులుతాయి, ఒక్క రాత్రిలో ట్యాంక్‌లో చేపలన్నీ చచ్చిపోయిన కేసులు విన్నాను. వీళ్ల ఇంట్లో అర కిలో మిగిలి ఉండగానే నింపించమని చెప్పాను. అగ్నిమాపక సిలిండర్లు నింపే షాపు వాళ్లకి ఊళ్లోనే ఉంది.

కుర్రాడు ఇప్పుడు పీహెచ్ కంట్రోలర్ కొంటానంటున్నాడు, అది 6.7 దగ్గర సీఓ2ని ఆపేస్తుందని. వద్దన్నాను. వాళ్లు పోసే నీళ్లు ఆర్‌ఓ కొంత, గోదావరి కాలువ నీళ్లు కొంత కలిపినవి. కలిపే పాళ్లు మారితే కేహెచ్ మారుతుంది, కేహెచ్ 5 నుంచి 7కి పోతే అదే 6.7 దగ్గర సీఓ2 42 అవుతుంది. కంట్రోలర్‌కి ఆ సంగతి తెలియదు. నీళ్లు మార్చిన ప్రతిసారీ కేహెచ్ చూసుకోమన్నాను. పెద్దాయన మాత్రం చెరువుల నుంచి రాగానే సాయంత్రం డీఓ మీటర్ ఒకసారి ముంచుతున్నారట. మే నెలలో నీళ్లు 31 దాటిన మధ్యాహ్నాలు రమ్మీనోజ్‌లు కాస్త పైకి జరుగుతున్నాయని ఫోన్ చేశారు. అప్పుడు పీహెచ్ అడిగితే 6.7. లక్ష్యాన్ని 6.8కి, అంటే 24 పీపీఎంకి తగ్గించి, ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెట్టమన్నాను. నీళ్లు రెండు డిగ్రీలు దిగాయి, చేపలూ దిగాయి. ఫ్యాన్ వల్ల నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, ఆ లోటు ఆర్‌ఓ నీళ్లతోనే పూడ్చాలి. కాలువ నీళ్లతో పూడిస్తే కేహెచ్ వారం వారం పెరిగిపోతుంది.